గుంటుపల్లి కొండ – వ్రాయసకాని మండపము

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవానికి కొండ యనగా ఆకాశపుటంచున కనబడు నీలిగీత మాత్రమే. వరిచేలు, కొబ్బరితోటలు, కాలువగట్లు, లాకులు – ఇదియే అతని లోకము. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ లోకమునకు ఆయువుపట్టు. కాలువనీరు ఎక్కిన నేల పల్లమైనది; ఎక్కలేని నేల మెట్టగా మిగిలినది. పల్లపువానికి మెట్టయనగా చిన్నచూపు. అచట నీరు లేదు, నీడ లేదు, రాళ్లును తుప్పలును తప్ప మఱేమియు లేదని అతని తలంపు.

ఐనను చరిత్ర విషయమున మెట్టయే సంపన్నురాలు. పల్లపునేలలో నది యేటేట తెచ్చు ఒండ్రు పాతయూళ్లను కప్పివేసినది. కోనసీమలోని ఆదుర్రు స్తూపమువంటివి కొన్ని మాత్రమే ఆ మట్టిని తప్పించుకొని బయటపడినవి. మెట్టలోని రాయి యట్లు కాదు. దానిపై చెక్కినదానిని అది రెండువేల యేండ్లైనను భద్రముగా దాచి, అడిగినవానికి చూపుచున్నది. గుంటుపల్లి కొండ అట్టి రాతిపుస్తకము. దానిని చదువనేర్చినవారికి అందలి ముఖ్యపాత్ర రాజు కాడు, ఒక వ్రాయసకాడు.

దారి

ఏలూరునుండి ఉత్తరముగా కామవరపుకోట వైపు పోవువారికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున జీలకఱ్ఱగూడెము అను చిన్నయూరు తగులును. గుంటుపల్లి గుహలని ప్రసిద్ధికెక్కినవి ఈ యూరి కొండలలోనివే. పూర్వము పశ్చిమగోదావరి జిల్లాలోనిదైన ఈ ప్రాంతము 2022లో జిల్లాల విభజన జరిగినప్పటినుండి ఏలూరు జిల్లాలో చేరినది. రాజమహేంద్రవరమునుండి వచ్చువారు గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా జంగారెడ్డిగూడెము చేరి, అటనుండి కామవరపుకోటకు రావచ్చును.

ఏలూరు విడిచిన కొంతసేపటికే నేల రంగు మారును. నల్లమట్టి పోయి ఎఱ్ఱమట్టి వచ్చును. వరిచేలు సన్నగిల్లి మామిడి, జీడిమామిడి, పొగాకు, మొక్కజొన్న కానవచ్చును. ఇటీవలి కాలమున నూనెతాటి తోటలు విరివిగా పెరిగినవి. ఆ పంటకు సంబంధించిన జాతీయ పరిశోధనా సంస్థ పెదవేగిలోనే కలదు. ఆ పెదవేగియే ప్రాచీనమైన వేంగీనగరము. శాలంకాయనులు అచటనుండి యేలిరి. పిమ్మట తూర్పుచాళుక్యులు ఆ పేరిటనే దేశమును పాలించిరి. అనగా గుంటుపల్లికి పోవు యాత్రికుడు తెలిసియో తెలియకయో ఆంధ్రదేశపు పాతరాజధాని ప్రక్కగా పోవుచున్నాడన్నమాట.

కొండలోని గుండ్రని గది

మెట్లెక్కి కోనలోనికి ప్రవేశించినంతనే కన్నులకు అందునది తొలిచిన కొండ. ఇసుకరాతి గోడలో ద్వారములు, గవాక్షములు, వానిపై గుఱ్ఱపునాడా ఆకారపు తోరణములు కానవచ్చును. ఇవి భిక్షువులు వసించిన విహారములు. లోపలి గదులు చిన్నవి, కొలతలకు లొంగనివి. ఒక మనిషి పరుండుటకు, కూర్చుండి ధ్యానించుటకు ఎంత చోటు కావలయునో అంతయే తొలిచినారు. కొండపై ఇటుకతో కట్టిన చైత్యగృహముల శిథిలములు, పెద్ద స్తూపము, ఒక తిన్నెపై గుంపుగా నిలిచిన చిన్నస్తూపములు కలవు. అన్నియు కలిసి ఆ చిన్నస్తూపములు అఱువది వఱకు ఉండును. భక్తులు మ్రొక్కులు తీర్చుకొనుటకు, గతించిన స్థవిరుల స్మృతిని నిలుపుటకు ఇట్టివానిని కట్టుట బౌద్ధుల ఆచారము.

ఐతే ఆ కొండకు ప్రాణము గుండ్రని చైత్యగుహ. క్రీస్తునకు పూర్వము మూడు, రెండు శతాబ్దుల నాటిదని పండితులు దీనిని నిర్ణయించిరి. ద్వారము దాటి లోనికి పోగా వలయాకారమైన గది, దాని నడుమ అదే రాతినుండి మలచిన స్తూపము, స్తూపము చుట్టు ప్రదక్షిణకు చాలినంత త్రోవ. తల యెత్తి చూచినచో గొడుగువంటి కప్పు. ఆ కప్పునకు గొడుగుకమ్ములవలె రాతి వాసములు. ఇచటనే చూపరి నిలిచి ఆలోచింపవలెను. రాతికప్పునకు వాసములతో పనిలేదు. వాసములు లేకున్నను కొండ కూలదు. మఱి శిల్పి వానిని ఏల చెక్కెను?

సమాధానము మన గ్రామములలోనే కలదు. తాటాకు పాకను వేయువాడు ముందు వాసములను కూర్చి, నడికొప్పున వానిని బంధించి, పిమ్మట ఆకు కప్పును. కఱ్ఱతో, గడ్డితో గుండ్రని కుటీరములు కట్టిన చేతులే మొదటిసారి రాతిని తొలిచినవి. కొత్తది చేయునప్పుడును పాతదాని రూపమును విడువలేకపోయినవి. బీహారులో గయకు సమీపమున బరాబరు కొండలలో అశోకుడు తన పండ్రెండవ పాలనావర్షమున ఆజీవకులకు దానముచేసిన సుదామ గుహయందును ఇట్టి గుండ్రని గది కలదు. దాని పొరుగుననున్న లోమశఋషి గుహ ద్వారము కఱ్ఱపనికి రాతి ప్రతిబింబము. పడమట ముంబాయి సమీపమున కొండివిటె గుహలలోను, జున్నరులోని తుల్జాలేణమునందును గుండ్రని గదిలో స్తూపము కలదు. గంగాతీరమునుండి పడమటి కనుమలవఱకు వ్యాపించిన ఒక నిర్మాణపద్ధతికి మన మెట్టసీమలోని ఈ గుహ తూర్పున నిలిచిన సాక్షి. గోదావరి పల్లెలోని పాక వేయువానికిని, ఆ శిల్పికిని నడుమ రెండువేల యేండ్ల దూరమున్నను పనిలో చుట్టరికము కలదు.

భిక్షువులు ఇచట ఏల నిలిచిరి?

బౌద్ధభిక్షువు సంచారి. ఒకచోట పాతుకొనిపోవుట అతనికి నిషిద్ధము. ఐనను వానకాలమున మూడునెలలు ఒకచోటనే యుండవలెనని వినయనియమము. మొలకెత్తు పైరును, నేలపై ప్రాకు ప్రాణులను త్రొక్కకుండుటకు ఏర్పడిన నియమమిది. ఆ వర్షావాసమునకు వాన తడుపని చోటు కావలెను; భిక్షకు పోయి తిరిగివచ్చుటకు వీలైన దూరమున ఊరును ఉండవలెను; ఊరి సందడి మాత్రము చెవి సోకరాదు. ఈ లక్షణములన్నియు ఈ కొండకు కుదిరినవి. వేంగి ఒక పగటి నడక దూరమున కలదు. కళింగమునుండి కృష్ణాతీరమునకు పోవు వర్తకుల దారులును ఈ సీమమీదుగనే సాగినవి. వర్తకులు నడచిన దారినే భిక్షువులును నడచిరి. దానములు చేసినవారిలో రాజులకంటె వర్తకులు, వృత్తిపనివారు, స్త్రీలు ఎక్కువగా నుండుట ఆంధ్రదేశపు బౌద్ధశాసనములు చదివినవారెల్లరు ఎఱిగినదే.

ఈ కొండ ప్రాచీననామము శాసనములలో మహానాగపర్వతమని కానవచ్చుచున్నది. శాలంకాయన నందివర్మ కాలపు శాసనమొకటియు ఇచట దొరకినది. అనగా క్రీస్తునకు పూర్వము మొదలైన ఈ ఆశ్రమము వేంగీరాజుల కాలమున కూడ సజీవమై యుండెను. ఏడవ శతాబ్దిలో చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఆంధ్రదేశమునకు వచ్చి, ఆ రాజ్యమున ఇరువదికి పైగా సంఘారామములు, మూడువేలమంది భిక్షువులు ఉండిరని వ్రాసెను. తర్కశాస్త్రమున మహాపండితుడైన దిఙ్నాగుడు ఈ సీమలోని యొక ఏకాంతపర్వతముపై గ్రంథరచన చేసెనని కూడ అతడు చెప్పెను. నేడు మెట్టయని చిన్నచూపు చూడబడు నేల ఒకనాడు సముద్రము కావలి దేశములవారు వెదకికొనివచ్చిన విద్యాస్థానము.

వ్రాయసకాడు

కొండమీద శిథిలమైన మండపమొకటి కలదు. దాని స్తంభములపై ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో శాసనము చెక్కబడియున్నది. బ్రాహ్మీలిపి మన దేశమున వాడుకతప్పి, చదువువారు లేక శతాబ్దులపాటు మూగవోయినది. 1837లో జేమ్సు ప్రిన్సెప్పు దానిని చదువు కీలకము కనుగొనెను. రాబర్టు స్యూయలు 1882లో ప్రకటించిన మదరాసు రాజధాని పురాతనావశేషముల పట్టికయందు ఈ గుహలు చేరినవి. ఐనను మండపశాసనము లోకమునకు తెలియుటకు మఱికొంత కాలము పట్టినది.

1968లో ఆర్. సుబ్రహ్మణ్యముగారు ఈ శాసనమును ప్రకటించి, ఇందు పేర్కొనబడిన ప్రభువు కళింగచక్రవర్తి ఖారవేలుడని నిర్ణయించిరి. ఆ యూహకు బలమైన కారణము కలదు. శాసనములోని ప్రభువునకు మహామేఘవాహన బిరుదము, కళింగాధిపత్యము చెప్పబడినవి. భువనేశ్వరము వద్ద ఉదయగిరిలోని హాథీగుంఫా శాసనమున ఖారవేలునకును ఆ మహామేఘవాహన బిరుదమే కలదు. ఐతే దినేశచంద్ర సర్కారు ఆ యక్షరములను మరల పరిశీలించి, అది ఖారవేలుని పేరు కాదనియు, శ్రీసదుడను వేఱొక రాజు పేరనియు నిరూపించెను. కృష్ణకు దక్షిణమున వేల్పూరులో దొరకిన శాసనములోని మానసదుడును, సద అను పదముతో ముగియు పేర్లుగల నాణెములును ఈ పాఠమునకు తోడ్పడినవి. ఇట్లు కళింగ మహిషక దేశముల కధిపతియని చెప్పుకొన్న సదవంశపు రాజులు మన తీరాంధ్రమునేలిరని స్థిరపడినది.

పండితుల వాదము రాజు పేరునుగూర్చి. కాని ఆ శాసనము రాజు వేయించినది కాదు. అందలి భావము చాల చిన్నది: మహారాజు శ్రీసదుని లేఖకుడైన చుళగోముడు ఈ మండపమును దానము చేసెను. అంతియే. చుళ యనగా చిన్న యని యర్థము. చిన్నగోముడను నొక వ్రాయసకాడు తన సంపాదనలో కొంత వెచ్చించి, కొండమీద భిక్షువులు కూర్చుండుటకు నీడ కల్పించెను. రాజు పేరు అందు చేరుటకు కారణము ఆ వ్రాయసకాని ఉద్యోగమే. తాను ఎవరికడ పనిచేయుచున్నాడో చెప్పుట అతని మర్యాద. ఆ మర్యాదవలననే ఆ రాజు పేరు మనకు మిగిలినది. రాజు వ్రాయసకానికి జీతమిచ్చెను. వ్రాయసకాడు రాజునకు చరిత్రలో చోటిచ్చెను.

లేఖకుని పదవి చిన్నది కాదు. 1909లో శ్యామశాస్త్రిగారు మైసూరులో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున లేఖకుని లక్షణములు చెప్పబడినవి. అతనికి అమాత్యునకుండవలసిన గుణములుండవలెను, సకలాచారములు తెలియవలెను, వేగముగా కూర్చగలిగి యుండవలెను, దస్తూరి అందముగా నుండవలెను, ఇతరుల వ్రాతను చదువగల నేర్పుండవలెను. ఈ యోగ్యతలే తరువాతి కాలమున గ్రామకరణమునకు కావలసివచ్చినవి. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దగువఱకు ఊరి భూమిలెక్క, పన్నులెక్క, పుట్టుకచావుల లెక్క ఆ వ్రాతలోనే యుండెడివి. కరణములనుగూర్చి మన సామెతలలో మెచ్చుకోలు తక్కువ, దెప్పు ఎక్కువ. కలము చేతనున్నవానిని ఊరు అనుమానింపకుండుట కష్టము. అట్టి యనుమానముల నడుమ, కలముతో బ్రతికినవాడొకడు తనకొఱకు కాక పరులకొఱకు రాతిలో వ్రాయించిన పంక్తి ఈ కొండమీద నిలిచియున్నది. మన జిల్లాలవారికి శాసనకర్త యనగా 1053లో నందంపూడి శాసనమును రచించిన నన్నయభట్టారకుడు స్ఫురణకు వచ్చును. అతనికి సుమారు వేయి సంవత్సరములకు ముందే ఈ సీమలో వ్రాయసకాడొకడు తన పేరు మిగిల్చిపోయినాడు. గుంటుపల్లి శాసనములలో మెట్లు కట్టించిన దానము కూడ పేర్కొనబడినది. దాని దాత ఒక స్థవిరుని శిష్యవర్గములోని మనిషి. నీడ యొకరు, మెట్లొకరు – కొండ యిట్లు చిన్నవారి చేతులమీదుగా పెరిగినది.

ధర్మలింగేశ్వరుడు

తరువాత బౌద్ధము సన్నగిల్లినది. భిక్షువులు పోయినారు. మండపము కూలినది, ఇటుకలు జాఱినవి. కాని గుండ్రని గుహలోని స్తూపము మాత్రము ఒంటరిగా మిగులలేదు. చుట్టుప్రక్కల గ్రామములవారు దానిని శివలింగముగా భావించి, ధర్మలింగేశ్వరస్వామియని పిలిచి అర్చించిరి. శివరాత్రికి భక్తులు కొండకు వచ్చుట ఈనాటికిని ఉన్నది.

చదువుకొన్నవారు కొందఱు దీనిని చూచి నవ్వుదురు; స్తూపమునకు లింగమునకు భేదమెఱుగని యజ్ఞానమందురు. వేఱుకొందఱు, ఇది ఆదినుండియు శివాలయమేయని వాదింతురు. ఇరువురును తొందరపడుచున్నారు. అది స్తూపమనుటకు శాసనములు, శిల్పరీతి సాక్ష్యములు; దానిని త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఐనను పూజ అన్నది లేకున్న స్తూపమేమైయుండెడిదో అమరావతిని చూచి తెలిసికొనవచ్చును. అమరావతి మహాస్తూపము 18వ శతాబ్ది చివర కర్నలు మెకంజీ కంటబడునాటికే, కొత్తయూరి నిర్మాణమునకు రాళ్లు కావలసి, త్రవ్వకమునకు గురియైనది. లోకమంతయు మెచ్చదగిన చలువరాతి శిల్పములు కొన్ని సున్నపుబట్టీల పాలైనవి. మిగిలినవానిలో చాలభాగము నేడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలయందును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునందును ఉన్నవి. లండనులోనివానిని చూడగోరు ఆంధ్రుడు సముద్రము దాటవలెను.

గుంటుపల్లి చైత్యము కొండలో భాగమగుటచేత దానిని పెకలించుట సులభము కాదు, నిజమే. కాని పగులగొట్టుట సులభమే. పగులగొట్టకుండ ఆపినది ఏ చట్టమును కాదు. ఆ చట్టములు పుట్టుటకు ముందు శతాబ్దులపాటు ఆ రాతిముందు దీపము పెట్టిన గ్రామీణుల చేతులు. వారు పేరు మార్చిరి, రూపమును కాపాడిరి. ఆ పేరులోను ధర్మశబ్దము నిలిచియుండుట గమనింపదగినది. పండితుడు వచ్చి చదువువఱకు పుస్తకమును చెదలంటకుండ దాచినవారికి కృతజ్ఞత చెప్పుట పండితుని విధి.

చూడబోవువారికి

ఈ గుహలు నేడు కేంద్రప్రభుత్వ పురావస్తుశాఖ సంరక్షణలో ఉన్నవి. కార్తికమాసమున వనభోజనములకు, సంక్రాంతి సెలవులలో వినోదమునకు డెల్టాలోని ఊళ్లనుండి జనులు వత్తురు. కార్తికమునుండి మాఘమువఱకు మంచికాలము. వానలవలన కోన పచ్చగా నుండును, ఎండ తీవ్రత యుండదు. వైశాఖ జ్యేష్ఠములలో ఆ రాతిపై కాలు మోపుట కష్టము. ఉదయముననే బయలుదేరి, త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను. కాలువగట్టున పెరిగినవాడు నీటినిగూర్చి ఆలోచింప నలవాటు లేనివాడు. మెట్టలో అడుగిడిననాడు ఆ యలవాటు నేర్చుకొనును. పిల్లలను, వృద్ధులను మెట్లపై తొందరపెట్టరాదు. గుండ్రని గుహలోనికి పోయినవారు కొంతసేపు మౌనముగా నిలిచినచో కన్నులు చీకటికి అలవడి, కప్పులోని వాసములు ఒక్కొక్కటియే కానవచ్చును.

మఱియొక మాట. మన దేశమున పురాతన కట్టడములకు పోవువారిలో కొందఱికి మేకుతోనో బొగ్గుతోనో తమ పేర్లు గోడలపై గీచు దురభ్యాసము కలదు. 1958 నాటి పురాతన కట్టడముల చట్టము ప్రకారము సంరక్షిత కట్టడములను పాడుచేయుట నేరము. 2010లో జరిగిన సవరణవలన శిక్ష రెండు సంవత్సరముల కారాగారము, లక్షరూపాయల జరిమానా వఱకు పెరిగినది. శిక్షకు భయపడి మానువారు మానుదురు. కాని చుళగోముని పంక్తిని ఎఱిగినవానికి ఆ భయముతో పనిలేదు. అతడును పేరు చెక్కించినవాడే. ముందు మండపము కట్టించి, నీడ నిచ్చి, పిమ్మట పేరు వ్రాయించెను. ఏమియు ఈయక పేరుమాత్రము గీచువాడు, ఎవరో యిచ్చిన నీడలో కూర్చుండి వారి యిల్లు పాడుచేయువాడు.

గ్రామమున గ్రంథాలయము స్థాపించుట, దానిని ఇరువదియైదేండ్లు నడుపుట ఆ మండపదానము వంటిదే. ఒకరు స్థలమిత్తురు, ఒకరు బీరువా యిత్తురు, ఒకరు తమ యింటి పుస్తకములు తెచ్చి యిత్తురు, ఒకరు సాయంకాలము దీపము వెలిగించి తలుపు తీయుదురు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాటినుండి మన పల్లెలలో ఈ ఉద్యమము నిలిచినది ఇట్టి చిన్నదాతల వలననే. ఎవరి పేరు మిగులునో, ఎవరి పేరు పోవునో నిర్ణయించువాడు కాలుడు. శ్రీసదుని రాజ్యసీమలను పండితులు ఈనాటికిని వెదకుచున్నారు. అతని వ్రాయసకాడు ఎచట, ఏమి యిచ్చెనో చెప్పుటకు వెదకులాట అక్కఱలేదు. జీలకఱ్ఱగూడెపు కొండ నెక్కి చూపవచ్చును.